అతుకు దగ్గరే పువ్వు

మా అక్కా బావా కాకినాడలో ఇల్లు కట్టుకుంటున్నారు. దసరాకి స్లాబు పడింది, సంక్రాంతి వెళ్లాక ప్లాస్టరింగ్ మొదలైంది. ఆ వారమే కాంట్రాక్టరు ట్యాబ్ పట్టుకుని వచ్చి, "ఎలివేషన్ ఫైనల్ చేసేద్దామా సార్?" అన్నాడు. తెర మీద ఇంటి బొమ్మ గిర్రున తిరిగింది. బాల్కనీ పక్కన గుండ్రటి చిల్లుల జాలీ. మెట్ల గోడకి రాయిలా కనిపించే టైల్సు. రెండు కిటికీల మధ్య, దేనికీ సంబంధం లేకుండా, కింది నుంచి పైదాకా చెక్క రంగు పట్టీ ఒకటి. అది పిట్టగోడ కూడా దాటి ఇంకో నాలుగడుగులు పైకి లేచి ఆగింది.

"ఈ పట్టీ ఇక్కడెందుకు?" అని అడిగాను.

"లుక్కు కోసం సార్."

"అది సరే, ఇక్కడే ఎందుకు? ఓ మూడడుగులు పక్కకి జరిపితే?"

అతను వేలితో జరిపి చూపించాడు. జరిగింది. బాగానే ఉంది. ఇంకో మూడడుగులు జరిపాడు. అప్పుడూ బాగానే ఉంది.

"నువ్వు లీకులు చూసుకో బావమరిదీ, లుక్కు మేం చూసుకుంటాం" అన్నాడు మా బావ.

ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. లీకులు చూడటమే నా ఉద్యోగం. సివిల్ చదివి, పదిహేనేళ్లుగా ఇళ్లలో, అపార్ట్‌మెంట్లలో నీళ్లు ఎక్కణ్ణుంచి దిగుతున్నాయో కనిపెట్టి రిపోర్టులు రాస్తున్నాను. ఈ పని నాకు నేర్పింది ఒకటే. ఇల్లు గోడ నడిమధ్యన పాడవదు, అతుకు దగ్గర పాడవుతుంది. కిటికీ చట్రం గోడని తాకే చోట, పిట్టగోడ స్లాబు మీద కూర్చునే చోట, ఇటుక కట్టుబడి కాంక్రీటు దూలాన్ని తాకే చోట. రెండు వస్తువులు ఎండకి ఒకేలా సాగవు, చలికి ఒకేలా ముడుచుకోవు. మధ్యలో వెంట్రుకంత సందు పడుతుంది. నీళ్లకి అంతకంటే ఏం కావాలి?

ఆ రాత్రి మేడ మీద పడుకుని ఆ పట్టీ గురించే ఆలోచిస్తుంటే ఒకటి తట్టింది. ఇన్నాళ్లలో నేను నిలబడి చూసిన మంచి నగిషీ దాదాపు అంతా కూడా అక్కడే ఉంది, అతుకు దగ్గరే. నేను లీకు కోసం ఎక్కడ టార్చి వేస్తానో, పాతకాలపు పనివాడు సరిగ్గా అక్కడే పువ్వు చెక్కాడు. జరిపితే జరిగిపోయేదాన్ని నగిషీ అనడానికి నాకు మనసొప్పదు.

మా తాతగారి ఇల్లు మండపేట దగ్గర ఒక పల్లెలో ఉండేది. మండువా లోగిలి, నాటుపెంకు. వీధి గుమ్మం ద్వారబంధం మీద చెక్కడం అంతా నాకు ఇప్పటికీ కంటికి కడుతుంది, ఎందుకంటే చిన్నప్పుడు ఆ సందుల్లో పేరుకున్న పసుపుని పుల్లతో గీకడం నా వేసవి సెలవుల వ్యాపకం. నిలువు చెక్కల మీద మధ్యలో ఏమీ లేదు, నున్నగా చిత్రిక పట్టి వదిలేశారు. పై అడ్డచెక్క నిలువు చెక్కని కలిసే మూలలో మాత్రం అరచేయంత పద్మం. కింద, నిలువు చెక్క గడపలో దిగే చోట, మందంగా ఒక దిమ్మ, దాని మీద మెట్లుమెట్లుగా గీతలు. చిన్నప్పుడు అది అందం అనుకున్నాను. పనిలో పడ్డాక అర్థమైంది. ఒక చెక్క కొసని ఇంకో చెక్క బెజ్జంలోకి దిగ్గొట్టే చోట కలప మందంగా ఉండాలి, లేకపోతే చీలిపోతుంది. వడ్రంగి అక్కడ మందం వదిలాడు. వదిలిన మందం మోటుగా, వాపులా కనిపిస్తుంది కదా. దాన్ని పువ్వు చేశాడు.

మండువా చుట్టూ ఉన్న స్తంభాలదీ ఇదే కథ. స్తంభం నెత్తిన, దూలం కింద, రెండు వైపులా రెక్కల్లా చాచిన చెక్క ఒకటి ఉండేది. దాని అసలు పని బరువు మోయడం. స్తంభానికీ స్తంభానికీ మధ్య దూలం దాటాల్సిన దూరాన్ని అది కాస్త తగ్గిస్తుంది. ఆ రెక్కల కొసలు అరటిపువ్వు మొగ్గలా కిందికి వంగి ఉండేవి. దూలం మధ్యలో పువ్వు లేదు, స్తంభం మధ్యలో పువ్వు లేదు. ఒకటి ఇంకోదాని మీద ఆనే చోటే ఉంది.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు. వాటాలు తేలాక పడగొట్టారు, ద్వారబంధాన్ని పాత కలప కొనేవాళ్లకి అమ్మేశారు. ఏ రిసార్టులోనో గోడకి ఆనించి, వెనక లైటు పెట్టి ఉంటారు. గోడకి ఆనించిన గుమ్మం! పోనీలెండి.

అసలు మన ఇళ్లలో రోజూ వేసే నగిషీని చూడండి. గడపకి పసుపు, బొట్లు. గుమ్మానికి మామిడి తోరణం. వాకిట్లో ముగ్గు. ముగ్గు గోడ మీద ఎందుకు వేయం, హాలు మధ్యలో ఎందుకు వేయం? ఇల్లు వీధిని తాకే చోట వేస్తాం. వీధి ఎక్కడ ఆగిందో ఇల్లు ఎక్కడ మొదలైందో చెప్పే అతుకు అది. మా అమ్మమ్మకి ఆర్కిటెక్చర్ అనే మాట తెలియదు కానీ, అలంకారం ఎక్కడుండాలో ఆవిడకి ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది.

ఈ వాదన విని మా ఆఫీసులో ఒకాయన వెంటనే అడ్డు తగిలాడు. "మరి గుహల్లో? ఒకే కొండని తొలిచిన గుహలో అతుకులెక్కడివి?" మంచి ప్రశ్న. దానికి జవాబు కోసం ఎల్లోరా దాకా వెళ్లక్కర్లేదు. ఏలూరు జిల్లా కామవరపుకోట దగ్గర గుంటుపల్లి ఉంది.

గుంటుపల్లికి నేను మొదటిసారి వెళ్లింది స్కూలు పిక్నిక్‌లో. అప్పుడు గుర్తున్నది పులిహోర పొట్లం, కోతులు. రెండోసారి ఉద్యోగం వచ్చాక ఒక్కణ్ణే వెళ్లాను. మెట్లెక్కితే కొండని తొలిచిన ఒక గుండ్రటి గది, మధ్యలో రాతి స్తూపం. క్రీస్తుకు పూర్వం 2, 1 శతాబ్దాల నాటి బౌద్ధ చైత్యం, అంటే ప్రార్థన మందిరం. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఆ స్తూపాన్ని ధర్మలింగేశ్వరుడని మొక్కుతారు. లోపలికెళ్లి తల పైకెత్తితే, పాక కప్పు కనిపిస్తుంది. నిజంగా పాకే. నడికొప్పు నుంచి గొడుగు కమ్మీల్లా దిగే వాసాలు, వాటి మీదుగా అడ్డంగా తిరిగిన బద్దలు. అన్నీ రాతిలో. ఆ వాసాలు ఏ బరువూ మోయడం లేదు. కొండ తనని తానే మోసుకుంటోంది. ఒక్క వాసం కూడా అవసరం లేదు. అయినా ఎవరో ఎన్నో నెలలు మెడ వెనక్కి వాల్చి, కళ్లలో రాతిపొడి పడుతుంటే, వాటిని చెక్కారు.

ఎందుకు? అంతకుముందు చైత్యం అంటే కర్రతో, గడ్డితో కట్టిన గుండ్రటి పాక. కొండలోకి వెళ్లినా, అది చైత్యంలా ఉండాలంటే వాసాలు కనపడాలి. బీహార్‌లో బరాబర్ కొండల దగ్గర లోమశ ఋషి గుహ ఉంది, క్రీస్తుకు పూర్వం 3వ శతాబ్దానిది. దాని ముఖద్వారం కూడా అచ్చంగా వంపు తిరిగిన పాక ముందుభాగమే, వాసాల కొసలతో సహా రాయిలో దింపారు. మహారాష్ట్రలో కార్లే గుహకి వెళ్తే ఇంకా విచిత్రం. అక్కడ రాతి కప్పుకి నిజం కర్ర వాసాలే బిగించారు, రెండువేల ఏళ్ల తర్వాత ఇవాళ్టికీ ఉన్నాయి. రాతి కప్పుకి కర్ర ఆసరా!

కాబట్టి మా ఆఫీసాయనకి నా జవాబు ఇది. గుహలో అతుకు లేదు, నిజమే. అతుకు జ్ఞాపకం ఉంది. కర్రపనిలో పెద్దవాళ్లు ఎక్కడ ఏది దేనికి కట్టారో, రాతిపనివాడు దాన్ని మర్చిపోదలుచుకోలేదు. పనిగా మొదలైంది పని పోయాక నగిషీగా మిగిలింది.

ఇలా మిగిలినవాటిలో నాకు బాగా ఇష్టమైనది గవాక్షం. చైత్యం ముందు భాగంలో, గుమ్మం పైన, గుర్రపు నాడా ఆకారంలో పెద్ద కిటికీ ఉండేది, లోపలి స్తూపం మీద వెలుగు పడటానికి. గుడులు రాతితో కట్టడం మొదలయ్యాక ఆ కిటికీ చిన్నదైపోయింది. చిన్నదై, చిన్నదై, చివరికి అరచేయంతై గుడి చూరు మీద, గర్భగుడి పైన లేచే విమానం అంతస్తుల మీద వరసగా వచ్చి కూర్చుంది. వెలుతురు రాదు, గాలి రాదు, ఒక్కోసారి లోపల్నుంచి ఎవరిదో ముఖం తొంగిచూస్తుంది, అంతే. తమిళ స్థపతులు దీన్ని కూడు అంటారు. మనకి ఆ మాట వినగానే అన్నం గుర్తొస్తుంది కానీ, వాళ్ల మాటకి అర్థం పిట్టగూడు. అంటే మన గూడే. దీపం పెట్టే గోడ గూడు కూడా అదే మాట. ఏ గుడికైనా వెళ్లినప్పుడు దేవుణ్ణి చూసొచ్చాక ఓ పది నిమిషాలు బయట నిలబడి చూరు వెంట ఈ గూళ్లని చూడండి. అవి గోడ మధ్యలో ఉండవు. గోడ అయిపోయి కప్పు మొదలయ్యే ఆ ఉబ్బెత్తు అంచు మీద ఉంటాయి. ఆ అంచుని కపోతం అంటారు, అది కూడా ఒకప్పటి గడ్డి చూరే.

రామప్ప గుడిలో గైడ్లందరూ ఎత్తుమడమల చెప్పులేసుకున్న మదనికని, అంటే రాతిలో చెక్కిన అందగత్తెని చూపించి, "అప్పట్లోనే హైహీల్స్" అంటారు. అందరూ నవ్వి ఫోటో తీసుకుంటారు. నేను చూసేది ఆవిడ ఎక్కడ నిలబడిందో. 1213లో కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ గుడిలో, మూడు ప్రవేశాల దగ్గర పన్నెండుమంది మదనికలున్నారు. బయటి స్తంభం భుజం దగ్గర మొదలై, చూరు రాయి కిందికి ఏటవాలుగా ఒరిగి ఉంటారు. ముందుకు చాచుకొచ్చిన చూరు చూస్తే ఎవరికైనా "ఇది ఎలా ఆగింది?" అని గుండె కాస్త ఝల్లుమంటుంది. సరిగ్గా ఆ భయం పుట్టే చోట ఒక మనిషిని నిలబెట్టారు. వీపు వంచి, కాళ్లు మడిచి, ఆ బరువు ఏదో తనదే అన్నట్టు. ఆ కోణంలోంచి తీసి ఆ నల్లరాతి మనిషిని మ్యూజియంలో పీఠం మీద పెడితే ఆ వంపుకి అర్థమే ఉండదు.

ఇది మన ఒక్కరి సంగతి కాదు. గ్రీకు గుళ్లలో స్తంభాల పైన అడ్డంగా సాగే రాతి పట్టీ మీద, మూడు నిలువు గాడుల పలకలు వరసగా ఉంటాయి. క్రీస్తుకు పూర్వం మొదటి శతాబ్దపు రోమన్ రచయిత విట్రూవియస్ వాటికి ఒక కథ చెప్పాడు. పాత కర్రగుళ్లలో దూలాల కొసలు గోడ బయటికి పొడుచుకొచ్చేవట. వడ్రంగులు వాటిని గోడ దాకా కోసేశారు, కోసిన కొసలు అసహ్యంగా ఉన్నాయని వాటి మీద పలకలు కొట్టి నీలం మైనం పూశారు, తర్వాత అవే రాతిలోకి వచ్చాయి. పండితులు ఈ కథ నిజమా కాదా అని ఇప్పటికీ కొట్టుకుంటారు. నాకు నచ్చింది దాని తర్వాతి గొడవ. ఆ పలక స్తంభానికి సరిగ్గా నడిమీద ఉండాలి, ఇదొక నియమం. పట్టీ మూలకి వచ్చేసరికి పలకతోనే ముగియాలి, ఇది ఇంకో నియమం. మూల స్తంభం దగ్గర ఈ రెండూ ఒకేసారి కుదరవు. దానికోసం గ్రీకులు మూల స్తంభాలని కాస్త లోపలికి జరిపి కట్టారు. పలక కోసం స్తంభాన్ని జరిపారు! మా కాంట్రాక్టరు పట్టీని వేలితో జరిపినప్పుడు నాకు గుర్తొచ్చింది వీళ్లే.

ఇంకొక్కటి చెప్పి వియన్నా వెళ్దాం. హైదరాబాద్‌లో కుతుబ్‌షాహీ సమాధుల గుమ్మటాలు చూశారా? గుమ్మటం మొదలయ్యే చోట చుట్టూ తామర రేకులు, అందులోంచి గుమ్మటం మొగ్గలా పైకి లేస్తుంది. 1591 నాటి చార్మినార్ మినార్ల మీది చిన్న గుమ్మటాలకీ అంతే. గార పని అది, సున్నంతో చేసిన రేకులు. నిటారు గోడ ఆగి, ఉబ్బు తిరిగిన గుమ్మటం అందుకునే ఆ గీత ఏ కట్టడంలోనైనా ఇబ్బందికరమైన గీత. దాని మీద పువ్వు పూయించారు. లోపల్నుంచి చూసినా సమస్య అదే, నాలుగు పలకల గది మీద గుండ్రటి కప్పు ఎలా కూర్చుంటుంది? మూలలు మిగిలిపోతాయి. ఇరాన్ నుంచి స్పెయిన్ దాకా ఆ మూలల్లోనే తేనెపట్టులాంటి గూళ్ల వరసలు వేలాడాయి.

ఇప్పుడు వియన్నా. నగిషీ మీద ఇరవయ్యో శతాబ్దంలో అందరికంటే గట్టిగా విరుచుకుపడ్డవాడు అడాల్ఫ్ లోస్ అనే ఆర్కిటెక్టు. 1910లో ఆయన అక్కడ ఇచ్చిన ఉపన్యాసం పేరే 'అలంకారమూ నేరమూ'. నాగరికత పెరిగేకొద్దీ వాడుక వస్తువుల మీద అలంకారం రాలిపోతుందనీ, ఒంటి మీద పచ్చబొట్లు పొడిపించుకునే పాపువా మనిషికి అది చెల్లుతుంది గానీ ఆధునికుడికి చెల్లదనీ అన్నాడు. మా నాయనమ్మ ముంజేతి మీద తేలు పచ్చబొట్టు ఉండేది. లోస్ లెక్కలో ఆవిడ ఏ మెట్టు మీద ఉంటుందో నేను ఊహించగలను. ఆ భాగం చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. తన ఊరి ఫ్యాషన్‌ని మానవజాతి చరిత్ర అనుకున్న మనిషి అహంకారం అది.

కానీ అదే ఉపన్యాసంలో ఒక చెప్పులాయన కథ ఉంది, దాన్ని దాటి పోలేను. చెప్పులు కుట్టేవాడు జతకి 30 క్రౌన్లు అడిగితే నేను 40 ఇస్తానన్నాననుకోండి, అంటాడు లోస్. అతను సంతోషంతో పొంగిపోతాడు, మంచి తోలు ఎంచుకుంటాడు, అంచుల వెంట వేయబోయే కుట్లూ చిల్లులూ అప్పుడే మనసులో చూసుకుంటుంటాడు. అప్పుడు, "ఒక్క షరతు, జోడు పూర్తిగా సాదాగా ఉండాలి" అంటే? పని తగ్గింది, డబ్బు పెరిగింది, కానీ వాడి ఆనందం మొత్తం తీసేసుకున్నాను, అని లోస్ తనే ఒప్పుకుంటాడు. నేరం అన్నవాడే ఆ నేరంలో పనివాడి సంతోషం ఉందని చెప్పాడు.

పైగా ఆయన కట్టిందేమిటి? హాఫ్‌బుర్గ్ రాజప్రాసాదానికి ఎదురుగా మిహాయెలర్‌ప్లాట్జ్‌లో 1911కి పూర్తయిన దర్జీ దుకాణం భవనం. పై అంతస్తుల్లో తెల్లగోడ, కిటికీల చుట్టూ ఏ చట్రమూ లేదు. వియన్నా జనం 'కనుబొమల్లేని ఇల్లు' అని వెక్కిరించారు, నగరపాలకులు పని ఆపించారు, చివరికి కిటికీల కింద పూలతొట్లు పెట్టి రాజీపడ్డారు. చూశారా, పువ్వు మళ్లీ కిటికీ అంచు దగ్గరికే వచ్చింది. కింది అంతస్తులకి మాత్రం లోస్ గ్రీసులోని యూబియా దీవి నుంచి పచ్చటి చారల పాలరాయి తెప్పించి తొడిగాడు. ముందున్న పాలరాతి స్తంభాలు భవనం బరువు మోయవు. ఇది అలంకారం కాదట! చెక్కే మనిషికి కూలి ఇవ్వకుండా, భూగర్భం చెక్కినదాన్ని కోయించి పెట్టుకున్నాడు, అంతే తేడా.

అదే ఊళ్లో, అంతకు కొన్నేళ్ల ముందే, ఒట్టో వాగ్నర్ పోస్టల్ సేవింగ్స్ బ్యాంకు కట్టాడు, 1904 నుంచి 1906 దాకా. గోడకి పల్చటి పాలరాతి పలకలు తొడిగి, వాటిని బిగించిన బోల్టుల తలలకి అల్యూమినియం టోపీలు పెట్టాడు. ఆ భవనానికి నగిషీ అంటే చాలావరకు ఆ బోల్టులే, ఎండలో చుక్కల ముగ్గులా మెరుస్తాయి. లోస్‌తో వాదించడానికి నాకు వాగ్నర్ బోల్టు చాలు. పలక గోడకి ఎలా అంటుకుందో దాచకుండా చెప్పడమే అక్కడ అందం.

అయితే లోస్ మాటల్లో ఒకదానికి మాత్రం ఎదురు చెప్పలేను, కూలి మాట. నగిషీ వస్తువుకీ సాదా వస్తువుకీ ఒకే ధర పలికితే, ఎక్కువ గంటలు పనిచేసిన నగిషీ పనివాడే నష్టపోతాడు. మన దగ్గర జరిగింది అదే. ఆళ్లగడ్డలో, దుర్గిలో రాతిపని ఇంకా బతికే ఉంది, కానీ వాళ్ల దగ్గరికి ఎక్కువగా వెళ్లేది గుడి పనులూ, విగ్రహాలూ. ఇంటికి రాతి గుమ్మం చెక్కించుకునేవాళ్లు ఎంతమంది? రామప్ప కాలంలో మనుషులు తిండికి పనిచేశారో, భక్తికో, భయానికో. చెక్కిన చేతులు సంతోషంగా చెక్కాయని నేను పాట పాడను.

చౌక అచ్చులు ఆ చిక్కుకి పరిష్కారంలా వచ్చాయి. 1769లో లండన్ లాంబెత్‌లో ఎలినార్ కోడ్ అనే ఆవిడ బట్టీలో కాల్చిన కృత్రిమ రాయి తయారీ మొదలుపెట్టింది. ఒక్క అచ్చు, ఎన్ని గడ్డం ముఖాలు కావాలంటే అన్ని. బెడ్‌ఫోర్డ్ స్క్వేర్ గుమ్మాల మీద ఇప్పటికీ ఉన్నాయి. గమనించండి, అవి ఆర్చీ నడినెత్తిన, ఆర్చీ రాళ్లన్నిటినీ బిగించే తాళపురాయి స్థానంలోనే ఉన్నాయి. వస్తువు అచ్చుదైనా చోటు తెలుసు వాళ్లకి. తర్వాతి వందేళ్లలో చోటు కూడా పోయింది. 1851లో లండన్ ప్రదర్శన కోసం కట్టిన గాజు భవనం క్రిస్టల్ ప్యాలెస్ లోపలికి రంగులు కూర్చిన ఓవెన్ జోన్స్, చుట్టూ ఆ నగిషీల వరద చూసి, 1856లో వేసిన తన పుస్తకం మొదట్లో 37 సూత్రాలు రాసుకున్నాడు. అయిదోది ఇది: కట్టడానికి అలంకారం చెయ్యండి, అలంకారం కోసం కట్టకండి. మా బావ ఇంటి పట్టీ పిట్టగోడ దాటి నాలుగడుగులు లేచింది చూడండి, అది అలంకారం కోసం కట్టడం.

నగిషీ వద్దన్న తరం వాళ్లకి కూడా ఈ దాహం తీరలేదు. న్యూయార్క్‌లో మీస్ వాన్ డెర్ రోహే కట్టిన సీగ్రమ్ భవనం, 38 అంతస్తులు, 1958. సాదాతనానికి గుడిలాంటిది అంటారు. నిప్పంటుకుంటే మెత్తబడకుండా అసలు ఉక్కుని కాంక్రీటులో పొదగాలన్నది నిబంధన. ఉక్కు కనపడదు. మీస్ ఉండబట్టలేక, గోడ బయట కిటికీల మధ్య 'ఐ' ఆకారపు కంచు కమ్మీలు కింది నుంచి పైదాకా దింపాడు. భవనం బరువు అవి మోయవు, లోపలున్న ఉక్కు ఎలా ఉందో బయటికి చెబుతాయి. గుంటుపల్లి రాతి వాసాలకీ వాటికీ తేడా నాకు కనపడదు. రెండువేల ఏళ్ల దూరంలో ఇద్దరు పనివాళ్లు ఒకే పని చేశారు.

నా సిద్ధాంతానికి చిల్లు లేదని కాదు. పాతబస్తీలో బాద్‌షాహీ అషూర్‌ఖానా ఉంది. 1611 నాటికి అక్కడ గోడలకి పొదిగిన రంగు పలకలు చూస్తే నా అతుకుల సిద్ధాంతం నోరు మూసుకుంటుంది. పీరు ఆకారాలు, తీగలు, పసుపు, నీలం, పచ్చ, గోడ ఈ చివర నుంచి ఆ చివర దాకా. అతుకేం లేదు, నిండా నగిషీయే. అక్కడ గోడ గోడగా ఉండదలుచుకోలేదు, మొహర్రం నెలలో పీర్లు నిలబడే చోటు వెనక తెరలా ఉండాలనుకుంది. పండగ తెరకి గుమ్మం లెక్కలు చెప్పలేం. కాకపోతే, దాన్ని కూడా మూడడుగులు పక్కకి జరపలేరు. అది ఆ గదికే పుట్టింది.

మళ్లీ కాకినాడకి వస్తాను. నేను గెలవలేదు. జాలీ పెట్టారు, రాయి టైల్సు అంటించారు, పట్టీ లేచింది. జాలీ వెనక పావురాలు కాపురం పెట్టాయి. వానలు మొదలైన పది రోజులకి పిట్టగోడ అంచు కింద నుంచి నల్లటి చారలు దిగాయి, కొత్త తెల్లరంగు మీద కాటుక కారినట్టు. పాత భవనాల్లో గోడ నెత్తిన ముందుకు పొడుచుకొచ్చిన కార్నీసు ఉండేది. దాని అంచు కింద చిన్న గాడి. వాన నీరు ఆ గాడి దగ్గర తెగి, గోడని తాకకుండా కిందపడేది. దాని నీడ కూడా అందంగా ఉండేది, అది అదనం. మా బావ ఇంటికి కార్నీసు లేదు, ఎందుకంటే అది "ఓల్డ్ మోడల్". చారలకి మళ్లీ రంగు వేయిస్తానన్నాడు కాంట్రాక్టరు. నేను మాట్లాడలేదు, లీకులు చూసుకున్నాను.

శ్రావణంలో గృహప్రవేశం అనగా, ఆషాఢంలో వడ్రంగి పనులు ముగుస్తున్నాయి. రాజోలు వైపు నుంచి వచ్చిన పెద్దాయన, వెంట ఒక కుర్రాడు. దేవుడిగది గుమ్మం చుట్టూ, చట్రానికీ ప్లాస్టరింగుకీ మధ్య సందు కప్పడానికి టేకు బీడింగ్ పట్టీలు కొడుతున్నారు. మూల దగ్గర నిలువు పట్టీనీ అడ్డపట్టీనీ ఏటవాలుగా కోసి కలపాలి. పెద్దాయన రెండుసార్లు కోశాడు, రెండుసార్లూ పైన వెంట్రుకంత సందు మిగిలింది. మట్టం పెట్టి చూసి, "గోడ లైను తప్పింది బాబూ, ఎన్నిసార్లు కోసినా నోరు మూయదు" అన్నాడు.

"మరెలా?" అంది అక్క.

"మూలకి చదరపు పలక ఒకటి పెట్టేస్తానమ్మా. రెండు పట్టీలూ దానికొచ్చి ఆనతాయి, కలవాల్సిన పని లేదు. వట్టి పలకైతే బోసిగా ఉంటది, చిన్న పువ్వు వేస్తా."

మా బావ వెంటనే, "దానికి సపరేటా?" అన్నాడు.

"ఓ పూట కూలి ఇప్పించండి."

సాయంత్రానికి రెండు మూలల్లో రెండు పువ్వులు, ఎనిమిదేసి రేకులు. బావ కూడా ఫోన్ తీసి ఫోటో కొట్టుకున్నాడు. నేను ఊరుకోలేక, "దీన్ని ఓ మూడడుగులు పక్కకి జరిపితే ఎలా ఉంటుంది?" అని అడిగాను.

పెద్దాయన నన్ను ఎగాదిగా చూశాడు. "పక్కనేముంది బాబూ, గోడే కదా" అని, ఉలి సంచిలో వేసుకున్నాడు.